ఈ ఓటు ఎవరి పేరు మీద

మోరో ద లిరా,
ఏప్రిల్ 10, 1994

పిన్నీ,

ఫోన్ చెయ్యమని రాశావు. చెయ్యను. ఫోన్లో మాట్లాడితే ఎక్స్ఛేంజిలో ఫిలోమేనా వింటుంది. ఆవిడ విన్న సంగతి ఊరంతా పాకడానికి మళ్ళీ ఫోను కూడా అక్కర్లేదు. అందుకే ఉత్తరం. సముద్రం పక్కన కూర్చుని తీరిగ్గా చదువుకో.

మా మేయర్ మీద అభిశంసన పెట్టారు. అవును, బెలార్మీనో గారి మీదే. ఇన్నేళ్ళు ఊరి బ్యాండు మేళం నడిపి, పెళ్ళికీ చావుకీ క్లారినెట్ ఊదిన మనిషిని పోయిన ఎన్నికల్లో ఊరంతా కలిసి మేయర్ని చేసింది. ఇప్పుడు దించుతామంటున్నారు. మేయరన్నవాడు పదిహేను రోజులకి మించి ఊరు దాటి ఉండాలంటే మా మున్సిపల్ సభ అనుమతి తీసుకోవాలి. ఫిబ్రవరిలో ఆయన రెండు వారాల్లో వచ్చేస్తానని వెళ్ళి, మరో వారం కూడా గడిపి వచ్చాడు. ఎక్కడికెళ్ళారని అడిగితే చెప్పడు. సరిగ్గా ఆ ఆఖరి వారంలోనే పెద్ద వాన పడి గ్రోటా ఫుండా వాగు మీద వంతెన కొట్టుకుపోయింది. మరమ్మతుకి సంతకం పెట్టాల్సిన మనిషి ఊళ్ళో లేడు. ఉపమేయర్‌కి అప్పగించి వెళ్ళాడా అంటే అదీ లేదు. ఆ గ్రోటా ఫుండా పేటవాళ్ళు సంతకం కోసం నీళ్ళ అవతల కూర్చున్నారు.

సభలో తొమ్మిది మందిమి. ఆరుగురం అవునంటే ఆయన ఇంటికి. ముందు ముగ్గురు సభ్యుల సంఘం విచారణ చెయ్యాలి, ఆ ముగ్గుర్నీ లాటరీలో తియ్యాలి. దానికి చర్చి బింగో డబ్బా అరువు తెచ్చారు. గిరగిరా తిప్పితే నా నంబరు పడింది. జన్మలో బింగోలో ఒక కోడిపిల్లని కూడా గెలవని దాన్ని.

ఇంకో తమాషా. రెండేళ్ళ కింద దేశాధ్యక్షుడి మీద ఓటింగు టీవీలో చూశాం కదా, ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి మా రాష్ట్రం పేరు మీద, మా పిల్లల పేరు మీద అంటూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పడం. అది మావాళ్ళకి బాగా పట్టుకుంది. వీధి దీపానికి ఓటెయ్యాలన్నా ఎవరో ఒకరి పేరు మీదే. పోయిన నెల చెత్తబండి తీర్మానానికి జందీరా తన మనవరాలి మొదటి పన్ను పేరు మీద అవునంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నన్ను అప్పుడే అడుగుతున్నారు, టీచరమ్మా నీది ఎవరి పేరు మీద అని. అవునో కాదో ఎవరూ అడగరు. నాకైతే అదే తెలియడం లేదు. ఇంతకాలం పిల్లలకి న్యాయమంటే ఏమిటో పాఠం చెప్పాను, ఎవరైనా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మళ్ళీ చెబితే బాగుండు. పేరు మాత్రం నీదే అనుకున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే కదా.

నీ
ఇల్మా

*

ప్రాయా మాన్సా,
ఏప్రిల్ 27

ఇల్మా తల్లీ,

నా పేరు మీద వద్దు. మిగతావన్నీ తర్వాత చదువుకుందువుగాని, ముందు ఇది బుర్రలో పెట్టుకో. ఆ సభలో అర్లిండా అన్న పేరు వినబడిందంటే బస్సెక్కి వచ్చి అందరి ముందూ నీ చెవి మెలిపెడతాను. నలభై నాలుగేళ్ళ దానివైతే నాకేం.

అయినా ఇదేం చోద్యమే? ఒక మనిషి ఓ వారం ఆలస్యంగా ఇంటికొస్తే ఉద్యోగం పీకేస్తారా? ఆ లెక్కన మీ పోస్టుమాస్టర్ని ఎప్పుడో ఉరి తియ్యాలి. నీ ఉత్తరం నాకు చేరేసరికి దాని మీద బూజు పట్టింది. వంతెన కొట్టుకుపోతే ఆయనేం చేస్తాడు, క్లారినెట్ అడ్డం పెట్టి ఆపుతాడా? ఆ వంతెన మా నాన్న రోజుల్లోనే ఊగేది. మేమంతా కళ్ళు మూసుకుని దాటేవాళ్ళం.

పాపం, తోలు ఊడిన ఆ ముక్కేసుకుని మీ తొమ్మండుగురి ముందూ దొంగలా కూర్చోవాలి కాబోలు. నోరు లేని మనిషి. ఎవరేమన్నా తలాడిస్తాడు. నీకు చదువుంది, జాలి కూడా కాస్త వాడు.

ఇక్కడ సీజన్ అయిపోయింది. అద్దె గదులు రెండూ ఖాళీ. పక్కింటి జాలరి భార్య చేపలు ఇస్తానంటుంది గాని, నేను మన కొండల మనిషినే, నాకు జున్నుముక్క లేనిదే కాఫీ దిగదు. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే జున్ను పంపు.

నీ పిన్ని
అర్లిండా

*

మోరో ద లిరా,
మే 22

పిన్నీ,

జున్ను పంపాను, బస్సు డ్రైవరు దారిలో సగం తినకపోతే నీకు అందుతుంది.

సభ్యులు ఓటు ఎలా తేల్చుకుంటారో పుస్తకాల్లో చదివాను. ఆరోపణ చూస్తారు, సాక్ష్యం తూస్తారు, మనస్సాక్షిని అడుగుతారు అని రాసుంది. ఆ పుస్తకం రాసినాయన మా ఊరు రాలేదు.

సభాధ్యక్షుడు అరిస్తేవుకి రంపపు మిల్లుంది. ఉపమేయర్ ఆయన కొడుక్కి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డ పెద్దమనిషి. అతను మేయరయితే మిల్లు ముందు తారు రోడ్డు పడుతుంది. కాబట్టి అరిస్తేవు మనస్సాక్షి మిల్లు దాకా వెళ్ళి ఆగింది. తిబూర్సియో గారికి ఆవులున్నాయి. అవి శ్మశానంలో పూలు మేస్తున్నాయని బెలార్మీనో గారు తోలించేశాడు. ఆవులు మరిచిపోయాయి గాని తిబూర్సియో మరవలేదు. ఆయనా అవునే. జందీరా సంగతి సులువు, ఆవిడ సెలూన్‌లో జుట్టు కత్తిరించుకునే వాళ్ళు ఎటుంటే అటు. ఈ వారం అవును, ఎందుకంటే మేళం వాళ్ళ భార్యలెవరూ ఈ వారం జుట్టు కత్తిరించుకోలేదు. ఇంకో ఇద్దరు అరిస్తేవు ఎటు కూర్చుంటే అటు కూర్చునేవాళ్ళు. మొత్తం అయిదు అవునులు. కాదనేవాళ్ళు ముగ్గురు, ఒకాయన మేళంలో డప్పు వాయిస్తాడు, మిగతా ఇద్దరికీ ఉపమేయరంటే పడదు. వంతెన మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఇక మిగిలింది నేను. కూరలు కొందామని సంతకి వెళ్ళినా నా బుట్టలోకి తొంగి చూస్తున్నారు, ఏం కొన్నానన్నదాన్ని బట్టి ఓటు తెలుస్తుందేమోనని.

ఎవరో ఒకరు వంతెన చూడాలి కదా అని గ్రోటా ఫుండా వెళ్ళాను. అక్కడ క్లెయోనీసీ అని ఒకామె, కొడుక్కి ఆయాసం. ఆ వారంలో పిల్లాడికి ఊపిరాడకపోతే భుజాన వేసుకుని నడుంలోతు నీళ్ళలో దాటి డాక్టరు దగ్గరికి తెచ్చింది. పిల్లాడు బాగానే ఉన్నాడు, మేమిద్దరం మాట్లాడుతుంటే నా గొడుగు విప్పుతూ మూస్తూ ఆడుకున్నాడు. కోపంగా ఉందా అని అడిగాను. ఆమె అంది, “వంతెన పోయినందుకు కోపం లేదమ్మా, వానకి పోతాయి. ఎవర్ని తిట్టాలో తెలీలేదు. మేయరు ఆఫీసుకి పోతే ఆయన లేడన్నారు. ఎప్పుడొస్తాడంటే తెలీదన్నారు. అందుకని వాగునే తిట్టుకుంటూ దాటాను.”

విచారణలో బెలార్మీనో గారికి ఆ మాట యథాతథంగా చెప్పాను. ఆయన టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. రావడం ఎందుకు ఆలస్యమైందో చెబితే మాకు అర్థమయ్యే కారణమేనా అని అడిగాను. “కారణం ఉందమ్మా. మంచి కారణమే. కానీ వాగుకి చెప్పగలిగిన కారణం కాదు” అన్నాడు.

ఆ మాటతో నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఓటు మాత్రం అవును వైపు వాలింది. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో నాకు తెలీదు.

ఒక్క సంగతి పిన్నీ. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఆయన ముక్కు తోలు ఊడిన మాట నిజమే. మార్చిలో ఊరంతా నవ్వుకుంది, ఈ కొండల్లో ఆయనకి అంత ఎండ ఎక్కడ తగిలిందా అని. మార్చి చివరికల్లా మానిపోయింది కూడా. కానీ ఆ సంగతి నేను నీకు రాయలేదు. రాయలేదని నాకు బాగా గుర్తు.

నేను అడగడం లేదు. అడగాలని లేకపోవడమే నాకు నచ్చడం లేదు.

ఇల్మా

*

ప్రాయా మాన్సా,
జూన్ 14

ఇల్మా,

చిన్నప్పుడూ ఇంతే నువ్వు. జామ హల్వాలో వేలు ముంచానో లేదో డబ్బా మూత చూసి కనిపెట్టేదానివి. నాకే ఆ రోజు కలం ఆగలేదు.

నిన్న సాంతో ఆంటోనియో పండగ. ఇక్కడ మొగుడు కావాలనుకున్న ఆడవాళ్ళందరూ ఆ మహానుభావుడి బొమ్మని తలకిందులుగా వేలాడదీశారు, వరుణ్ణి తెచ్చేదాకా దించరట. మా ఇంట్లో బొమ్మ నిటారుగానే ఉంది. ఉండి మాత్రం ఏం లాభం, అడక్కుండానే పంపించాడు.

ఫిబ్రవరిలో బెలార్మీనో ఉన్నది మా ఇంట్లోనే. కార్నివాల్ ముందు గది అద్దెకు తీసుకున్నాడు, మోకాలికి ఉప్పునీళ్ళు మంచివని డాక్టరు చెప్పాడట. మోకాలికి మంచివే, ముక్కుకి మాత్రం ఆ ఎండ పడలేదు. సాయంత్రాలు ఇసకలో కూర్చుని క్లారినెట్ ఊదేవాడు. జాలర్లు వలలు వదిలేసి వచ్చేవాళ్ళు. చేప తినడు, ముళ్ళంటే భయం. రోజూ కోడిగుడ్డు వేయించి పెట్టేదాన్ని. వెళ్ళే రోజు ముందు, నేను బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందిస్తూ, మనం పెళ్ళి చేసుకుందామా అర్లిండా అన్నాడు. నీ చొక్కా ఎండిందా అన్నంత మామూలుగా.

రేపు చెప్తానన్నాను.

రేపయింది. రేపు చెప్తానన్నాను. నీకు తెలుసు కదే, మన ఇంటి ఆడవాళ్ళకి తేల్చడం రాదు. మీ అమ్మ పెళ్ళిరోజు కూడా చర్చి మెట్ల మీద ఓ గంట నిలబడింది. ఆయన ఒకసారి, నేను వెళ్ళాలి అర్లిండా, గడువు అయిపోతోంది అన్నాడు. నేను మూతి ముడిచాను. మళ్ళీ అనలేదు. ఆ వారం ఆయనది కాదు ఇల్మా, నాది. నేను కూర్చోబెట్టిన వారం. ఆఖరికి రేడియోలో మీ వైపు వరద అని విని, జవాబు వినకుండానే పరుగెత్తాడు. ఇంతవరకూ ఇవ్వలేదు నేను.

ఎక్కడున్నాడో ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నది నేనే. ముసలి విధవకి పెళ్ళి కొడుకొచ్చాడని ఫిలోమేనా నోట పడటం ఇష్టం లేక. ఆ ఒట్టుకోసమే ఆయన మీ ముందు టోపీ తిప్పుతూ కూర్చున్నాడని నీ ఉత్తరంలో చదివి, ఉల్లిపాయలు తరక్కుండానే ఏడ్చాను.

ఇది చదివి నాకోసం ఓటు మార్చావంటే నీతో మాట్లాడను. మార్చకపోతే కూడా కొన్నాళ్ళు మాట్లాడనేమో, చెప్పలేను. నా పేరు మాత్రం అక్కడ ఎత్తకు.

అర్లిండా

*

మోరో ద లిరా,
జూన్ 19

పిన్నీ,

ముందు నవ్వాను. చాలాసేపు. క్లిప్పులు అందిస్తున్న మేయర్ కళ్ళ ముందు కనిపించాడు. తర్వాత భయమేసింది.

తీర్పు బుధవారం పెట్టారు. ప్రపంచ కప్పులో మనవాళ్ళ రెండు ఆటల మధ్య ఖాళీ దొరికిన రోజది. ఆట రోజున పెడితే దేవుడొచ్చినా కోరం ఉండదని అరిస్తేవు అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నేనూ ఆయనా ఏకీభవించిన మాట అదొక్కటే.

నేను తప్పుకుందామనుకున్నాను. తప్పుకోవాలంటే కారణం చెప్పాలి, కారణం నువ్వు. పైగా నా బదులు వచ్చేది అరిస్తేవు బావమరిది. సరే, నీ ఉత్తరం చదవనట్టే ఓటేద్దామని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది కదా, ఏం ప్రయోజనం.

కాదనాలనిపిస్తే, ఇది పిన్ని కోసమా అని అనుమానం. అవుననాలనిపిస్తే, పిన్ని కోసం కాదని నాకు నేను రుజువు చేసుకోవడానికా అని అనుమానం. నీకు ఒక్క రేపే, నాకు రెండు వైపులా రేపులే.

బుధవారం మాత్రం రేపు అనడానికి వీల్లేదు.

ఇల్మా

*

మోరో ద లిరా,
జూన్ 23

పిన్నీ,

అయిపోయింది. కూర్చుని చదువు.

సభ హాలు నిండి, కిటికీల మీద కూడా జనం. పండగ సీజన్ కదా, పైన రంగు కాగితాల జెండాలు అలాగే వేలాడుతున్నాయి. ఎవరో అల్లం సారా కూడా తెచ్చి పంచుతున్నారు. పేర్ల అక్షర వరసలో పిలిచారు. అరిస్తేవు మొదలు. తన నలుగురు పిల్లలు, తాతగారు, ఊరి భవిష్యత్తు, అందరి పేరు మీదా అవును. మిల్లు పేరు మాత్రం చెప్పలేదు.

నా వంతు వచ్చేసరికి మైకు దాకా నడవడం గ్రోటా ఫుండా నడిచినంత అయింది. అక్కడ నిలబడి ఒక్కటే అనుకున్నాను. ఈ ఆలస్యానికి కారణం నాకు బొత్తిగా తెలియని ఆడమనిషి అయ్యుంటే, ఆయన నాకు ముఖం తెలియని మనిషి అయ్యుంటే, క్లెయోనీసీకి నేనేం చెప్పేదాన్ని? ఎవర్ని తిట్టాలో చెప్పేదాన్ని. అంతవరకే నాకు స్పష్టంగా కనిపించింది. కనిపించినంత మేర ఓటేశాను.

“ఎవరి పేరు మీదా కాదు. అవును” అన్నాను.

మైకు పాడయిందనుకున్నారు. వెనక నుంచి ఎవరో, కనీసం మీ పిల్లి పేరైనా చెప్పండి టీచరుగారూ అన్నారు. నేను వచ్చి కూర్చున్నాను. బెలార్మీనో గారి వైపు చూడలేకపోయాను. పిన్నీ, నువ్వు బట్టలు ఆరేసే తాడు మాత్రం కళ్ళ ముందు ఊగుతూనే ఉంది.

తర్వాత జందీరా అవును. అలా అయిదు పూర్తయ్యాయి. మూడు కాదులు. ఆఖర్న తిబూర్సియో గారు, అందరికన్నా గట్టి అవును. ఉపమేయర్ అప్పటికే కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. తిబూర్సియో కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ వితాలీనమ్మ పేరు మీద. చెప్పకుండా గడప దాటినవాడు ఇంటికి యజమాని కాడనేదట ఆవిడ. చప్పట్లు. ఆ చప్పట్లకి ఉత్సాహం వచ్చి ఆయన కాగితంలో లేనిది మొదలెట్టాడు. అమ్మ ఎంత మంచిదో, చేత్తో చేసిన సబ్బు ఎంత తెల్లగా ఉండేదో, పోయిన రోజు ఎంత వానో. ఆ వానకి మేళంవాళ్ళందరూ దారిలో అరుగులెక్కేశారట, ఒక్కడు మాత్రం శవపేటిక వెనకాలే శ్మశానం దాకా తడుస్తూ, క్లారినెట్ ఊదుకుంటూ వచ్చాడట. అక్కడికొచ్చి తిబూర్సియో ఆగిపోయాడు. ఆ ఒక్కడి వైపు చూశాడు. హాలంతా చూసింది.

అరిస్తేవు, అవునా కాదా చెప్పండి అన్నాడు.

“అమ్మ పేరు మీద అవునని ఎట్లా అంటాను?” అన్నాడు తిబూర్సియో. “పేరు మార్చుకోవచ్చా? మా బావ పేరు మీద అంటాను.”

ఒకసారి చెప్పాక మార్చడానికి వీల్లేదన్నాడు అరిస్తేవు. అలాంటి నియమం ఎక్కడా లేదు పిన్నీ. ఈ పేర్ల గొడవకే నియమం లేదు. ఊరికే పెత్తనం చూపిద్దామని నోరు జారాడు, ఆ జారుడులో తన రోడ్డు పోయింది.

“అయితే కాదు. అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు” అన్నాడు తిబూర్సియో.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది కదా అన్నారెవరో.

“అయినా సరే” అని ఆయన కూర్చుని ముక్కు చీదుకున్నాడు.

అయిదే అవునులు. మేయర్ మేయరుగానే ఉన్నాడు. డప్పాయన బల్ల మీదే డప్పు మొదలెట్టాడు. అరిస్తేవు నిశ్శబ్దం నిశ్శబ్దం అని గంట కొడుతుంటే అదీ తాళంలోనే పడింది.

నెలల తరబడి ఆలోచించి వేసిన నా ఓటు ఓడింది. ఏడుస్తూ పొరపాటున వేసిన ఓటు గెలిచింది. ఓడినందుకు నాకెంత తేలిగ్గా ఉందో చెబితే నువ్వు నమ్మవు. తేలిగ్గా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది. న్యాయం నా వైపుందో తిబూర్సియో వాళ్ళమ్మ వైపుందో, పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి.

జనం పల్చబడ్డాక బెలార్మీనో గారు నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. “మీ అవును ఒక్కటే వాగు గురించమ్మా” అని చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. నీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నువ్వు మాట్లాడనన్న కొన్నాళ్ళు ఎన్నాళ్ళో రాయి. మాట్లాడకుండా ఉత్తరం రాయొచ్చు కదా.

నీ
ఇల్మా

*

ప్రాయా మాన్సా,
ఆగస్టు 21

ఇల్మా తల్లీ,

జులై అంతా మాట్లాడకూడదనే అనుకున్నాను. కానీ మనవాళ్ళు కప్పు గెలిచారు, వీధిలో అందరూ అందరినీ కావలించుకున్నారు. ఆ రోజు నువ్వు దొరికి ఉంటే నిన్నూ కావలించుకునేదాన్నే. కాబట్టి కోపం ఆ రోజుతో రద్దు.

నిజం చెప్పనా? నాకోసం నువ్వు కాదని ఉంటే చచ్చేదాకా నీకు రుణపడి ఉండేదాన్ని. నేనేదైనా భరిస్తాను గాని, కృతజ్ఞత నా వంటికి పడదు. నువ్వు అవునన్నావని చదివి ముందు పళ్ళెం విసిరాను, రేకుదే, పగల్లేదు. తర్వాత అనుకున్నాను, మన ఇంట్లో ఒకత్తె రేపు అనకుండా ఒక మాట చెప్పింది. పెంచినదాన్ని, నేనెందుకు చెప్పలేను?

అందుకని ఆయనకి కబురు చేశాను. ముందు వంతెన కట్టు, దాని మీద నడిచి ఆ క్లెయోనీసీ ఇంటికెళ్ళి ఆలస్యానికి ఆవిడ చేత తిట్లు తిని రా, అప్పుడు చెప్తానని. కట్టాడు. వెళ్ళాడట. ఆవిడ బాగా తిట్టి, కాఫీ పెట్టి, పిల్లాడి చేత క్లారినెట్‌లో గాలి ఊదించిందట. పిల్లాడికి ఊపిరి కాస్త నిలబడుతోంది, వారం వారం నేర్పిస్తానని ఒప్పుకున్నాడు.

పోయిన ఆదివారం ఇక్కడికొచ్చాడు. వస్తూ ముక్కుకి తెల్లటి లేపనం పూసుకొచ్చాడు, బస్సులో పిల్లలు జడుసుకున్నారట. నేను బట్టలు ఆరేస్తున్నాను. ఈసారి క్లిప్పులు నేనే అందించి, అవునన్నాను. ఎవరి పేరు మీద అని అడిగాడు, వెధవ నవ్వొకటి నవ్వి.

ఇక అసలు సంగతి. సెప్టెంబరు సమావేశంలో మీ ముందుకి మేయరుగారి సెలవు దరఖాస్తు వస్తుంది. పదిహేను రోజులు దాటుతుందని ముందే రాశాడు, ఉపమేయర్‌కి అప్పగింత కూడా పద్ధతిగా పెట్టాడు. కారణం దగ్గర మోకాలు అని రాయబోతే నేను ఊరుకోలేదు. పెళ్ళి అని రాయించాను. పెళ్ళికూతురి పేరు మాత్రం రాయనివ్వలేదు. అది నీకోసం అట్టేపెట్టాను.

నీ వంతు వచ్చినప్పుడు, మైకు ముందు నిలబడి, ఈసారి నా పేరు చెప్పు. ఇంటిపేరుతో సహా. ఎక్స్ఛేంజిలో ఫిలోమేనాకి కూడా వినబడాలి.

నీ పిన్ని
అర్లిండా